ఆరు కోట్ల ఓట్లు, ఒక్క కవరు

మా బావకి అమెరికాలో ఓటు హక్కు 2003లోనే వచ్చింది. పౌరసత్వం ఇంకా కనుచూపు మేరలో లేదు, చేతిలో ఉన్నది ఉత్త హెచ్‌-1బీ వీసా. అయినా ఓటొచ్చింది. ఎందుకంటే టీవీలో ‘అమెరికన్ ఐడల్’ పాటల పోటీవాళ్లు పాస్‌పోర్టు అడిగేవారు కాదు. అప్పట్లో 866తో మొదలయ్యే నంబరుకి ఫోన్ కొడితే ఓటు పడ్డట్టే. ఒకటని కాదు, ఎన్ని కొట్టగలిగితే అన్ని. ప్రోగ్రాం అయ్యాక రెండు గంటలసేపు లైన్లు తెరిచి ఉంచేవారు. ఆ రెండు గంటలూ మా బావ సోఫాలో బాసింపట్టు వేసుకుని, కార్డ్‌లెస్ ఫోన్ పట్టుకుని, రీడయల్ మీట నొక్కడం, ఎంగేజ్ రాగానే కట్ చేయడం, మళ్లీ నొక్కడం. సంధ్యావందనం కూడా అంత నిష్ఠగా చేసి ఎరగడు. కొన్నాళ్లకి ఆ మీట మీది అక్షరాలు అరిగిపోయి తెల్లగా గుండు మిగిలింది.

‘‘పన్నులు కట్టించుకుంటారు, ప్రెసిడెంటుకి ఓటెయ్యనివ్వరు. పాటగాడికైనా వేసుకోనీరా’’ అనేవాడు నేను నవ్వితే.

2006 మే నెలలో ఫైనల్‌కి 6 కోట్ల 34 లక్షల ఓట్లు పడ్డాయనీ, ఇన్ని ఓట్లు ఈ దేశంలో ఏ అధ్యక్షుడికీ పడలేదనీ యాంకర్ రయన్ సీక్రెస్ట్ ప్రకటించాడు. బావ ఆ రాత్రి నిద్రపోలేదు. అందులో నూటపద్నాలుగు తనవి. అవి ఇద్దరు పోటీదారులకీ కలిపి పడ్డవి కదా, పైగా ఒకే మనిషి వందేసి వేసినవి కదా, వాటిని అధ్యక్ష ఎన్నికతో ఎట్లా పోలుస్తారని మర్నాడు టిఫిన్ దగ్గర అడిగాను. నా ప్లేటులోకి ఉప్మా వచ్చింది గానీ జీడిపప్పు రాలేదు.

అప్పట్లో నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అక్కావాళ్ల బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. అద్దె లేదు. అద్దెకి బదులు ఇద్దరి వాదనా వినాలి. ఎందుకంటే అక్కది వేరే పార్టీ. ఆవిడ ‘అమేజింగ్ రేస్’ మనిషి. ఇద్దరిద్దరు జట్లు కట్టి, వీపున మూటలు వేసుకుని, కవర్లలో వచ్చే ఆచూకీలు చదువుకుంటూ దేశాలు పట్టుకు తిరుగుతారు చూడండి, అది. ప్రతి మజిలీలోనూ చాప దగ్గర ఫిల్ కోగన్ నిలబడి ఉంటాడు. వచ్చినవాళ్లతో మీరు ఎన్నోవారో చెప్పేముందు ఒక కనుబొమ్మ పైకెత్తి, మన ప్రాణాలు పైకి లాగి, అప్పుడు చెబుతాడు. చివరి మజిలీకి మొదట చేరినవాళ్లకి 10 లక్షల డాలర్లు. తెరమీద మొగుడూ పెళ్లాలు మ్యాపు తిరగేసి పట్టుకుని రోడ్డు మధ్య పోట్లాడుకుంటుంటే అక్క నోరు మెదపకుండా బావ వైపు చూసేది. మేం నయాగరా వెళ్లబోయి తేలిన ఊరి పేరు ఇక్కడ చెప్పను.

ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు చూసుకుంటే గొడవ లేకపోను. కానీ టెలివిజన్ వాళ్లకి ఏటా ఎమ్మీ అవార్డులని ఉన్నాయి. 2003 నుంచి రియాలిటీ పోటీల కార్యక్రమాలకి విడిగా ఒక ఎమ్మీ పెట్టారు. ఆ ఏడు రేస్ గెలిచింది. మరుసటేడూ రేసే. 2005, 2006... మళ్లీ రేసే. ఐడల్ పేరు ప్రతిసారీ జాబితాలో ఉండేది. కోటుతో, కొత్త టైతో వెళ్లి ముందు వరసలో కూర్చుని, చప్పట్లు కొట్టి వచ్చేవారు. అప్పటికి వారానికి 3 కోట్ల మంది చూసే షో అది, దేశంలో దాని పక్కన నిలబడే షో లేదు. అయినా పెళ్లిచూపులకి వెళ్లిన ప్రతిసారీ ‘అబ్బాయి బాగున్నాడు, కబురు చేస్తాం’ అనిపించుకొచ్చే పెళ్లికొడుకు పరిస్థితి.

2007లో మాత్రం తప్పదనుకున్నాడు బావ. దానికి తగ్గ శకునాలున్నాయి. ఎమ్మీల వేడుక ఈసారి ఐడల్ వచ్చే ఫాక్స్ చానెల్‌లోనే. నడిపేది రయన్ సీక్రెస్టే. పైగా వేడుక సెప్టెంబర్ 16న, ముందురోజే వినాయక చవితి. ఆ ఏడు బావ పత్రి తెచ్చుకుని, పుస్తకం పెట్టుకుని, కథ ఒక్క వాక్యం వదలకుండా చదివాడు. తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలుగా మా దగ్గరే ఉన్న వాళ్లమ్మ, నేను కూడా అత్తయ్యగారు అనే పిలుస్తాను, కొడుక్కి ఇన్నాళ్లకి భక్తి కుదిరిందని కళ్లు తుడుచుకుంది. మేం నిజం చెప్పలేదు.

అత్తయ్యగారు మార్చి ఆఖర్లో దిగింది. అంటే ఐడల్‌లో సంజయ మలాకర్ కాలం. ఆ కుర్రాడి తండ్రిది బెంగాల్ మూలం. బెంగాల్ అయితేనేం, మనవాడే కదా అని మా ఇంట్లో మూడు ఫోన్లు వాడికే మోగాయి. పాట సంగతి పక్కనపెడితే, ఒక వారం జుట్టుని వరసగా పిలకలు కట్టి కోడిపుంజు జుట్టులా నిలబెట్టుకుని వచ్చాడు. ‘‘ఈ పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించలేదటరా?’’ అంది అత్తయ్యగారు. జడ్జీల మీద కూడా ఆవిడకి అభిప్రాయాలుండేవి. ఈటీవీలో ‘పాడుతా తీయగా’ చూసి చూసి వచ్చిన మనిషి. అక్కడ జడ్జీ బాలుగారు తప్పు చెప్పినా పిల్లలు నవ్వుకుంటూ దిగేవారు. ఇక్కడ నల్ల టీషర్టు వేసుకున్న సైమన్ కోవెల్ కసిరితే ఏడ్చుకుంటూ దిగుతున్నారు. ‘‘కడుపు నిండా తిండి లేదేమో పాపం ఆయనకి’’ అనేది. ర్యాండీ జాక్సన్ మాటకి ముందొకసారి వెనకొకసారి ‘డాగ్’ అంటుంటే, ఇంత పెద్ద స్టేజీ మీద పాడేవాళ్లని పట్టుకుని కుక్కా కుక్కా అంటాడేమిట్రా అని బావని నిలదీసింది. సంజయ ఏప్రిల్‌లో ఏడో స్థానంలో ఇంటికి పోయాడు. మా ఫోన్లు చల్లబడ్డాయి.

ఎమ్మీల వేడుక ఉన్న ఆ ఆదివారం రాత్రి మిగిలిన ఉండ్రాళ్ల గిన్నె మధ్యలో పెట్టుకుని నలుగురం కూర్చున్నాం. లాస్ ఏంజెలెస్‌లో ష్రైన్ ఆడిటోరియం. స్టేజీ గుండ్రంగా, చుట్టూ జనం. సీక్రెస్ట్ మధ్యలో ఎనిమిదో హెన్రీ రాజు వేషం కూడా కట్టాడు. బావ దాన్ని కూడా శుభసూచకంగానే తీసుకున్నాడు. జాబితా చదివారు. రేస్, ఐడల్, డాన్స్ షో ఒకటి, బట్టలు కుట్టే షో ఒకటి, వంటల షో ఒకటి. కవరు చింపారు.

అమేజింగ్ రేస్. ఐదోసారి.

బావ చేతిలో ఉండ్రం చేతిలోనే ఉంది. పందిరి మనది, మేళం మనది, పురోహితుడు మనవాడు, తాళి మాత్రం పక్కింటివాడు కట్టి వెళ్లాడు.

‘‘నిన్న సాయంత్రం కారు పెట్టడానికి వెళ్లి చంద్రుణ్ణి చూశావట్రా?’’ అంది అత్తయ్యగారు నెమ్మదిగా.

‘‘కథ విన్నాక చూశానమ్మా, దోషం లేదు’’ అన్నాడు బావ. ఆ తర్వాత ఏదో తట్టి లేచి నిలబడ్డాడు. ‘‘నిన్ననే కదా చదివాం! కుమారస్వామి నెమలెక్కి లోకమంతా తిరిగాడు. వినాయకుడు ఉన్నచోటే ఉండి అమ్మానాన్నల చుట్టూ తిరిగాడు. ఎవరు గెలిచారు? ఉన్నచోట ఉన్నవాడా, ఊళ్లు తిరిగినవాడా? న్యాయంగా చూస్తే ఒక్క స్టేజీ మీద నిలబడి పాడే మావాళ్లకి రావాలి. లోకం తిరిగొచ్చినంత మాత్రాన మీకెట్లా ఇస్తారు?’’

అక్క ఉండ్రం ఒకటి నోట్లో వేసుకుని నమిలి మింగిందాకా ఆగింది.

‘‘ఆ పోటీకి జడ్జీలు సొంత అమ్మానాన్నలు కదండీ’’ అంది.

అత్తయ్యగారు లెంపలేసుకుంది, కానీ నవ్వు ఆపుకోలేకపోయింది. అక్కడితో అయిపోవాల్సింది. బావ వదల్లేదు. ఈ అవార్డు ఎట్లా ఇస్తారో కనుక్కొచ్చి మూణ్ణాలుగు రోజులు వివరించాడు. జనం వేసేది కాదు, టెలివిజన్ అకాడెమీ సభ్యులు తమకి పంపిన డీవీడీ ఇళ్లలో కూర్చుని చూసి వేస్తారట. లెక్క ఆడిటర్లు పెడతారట. ‘‘ఐడల్ అంటే వేడివేడి బజ్జీరా! పొయ్యి మీంచి తీస్తుండగా నిలబడి తినాలి. ఫలితం తెలిసిపోయాక డీవీడీలో చూస్తే ఏముంటుంది, చల్లారిన బజ్జీ. వాళ్ల రేస్ ఆవకాయ. జాడీ ఎప్పుడు తీసినా బాగుంటుంది.’’

ఇది మాత్రం నేను ఒప్పుకుంటాను. ఐడల్ నడిచేది ఆ పూట మన గుండె కొట్టుకోవడం మీద. ఎవరు పోతారో తెలిశాక ఎవరికి కావాలి? రేస్ సంగతి వేరు. అక్కడ మనం చూడని మనిషొకడున్నాడు. జట్టువాళ్లు విమానాశ్రయంలో అడ్డదిడ్డంగా పరిగెడుతుంటే, వెనకే భుజాన కెమెరా మోసుకుంటూ అంతే వేగంగా పరిగెత్తేవాడు. వాడికి 10 లక్షలు రావు, పేరు రాదు, ఫ్రేము కదిలితే మాత్రం తిట్లొస్తాయి. ఓటేసేవాళ్లు టీవీ పని తెలిసినవాళ్లు. వాళ్ల కన్ను ముందు వాడి మీదే పడి ఉంటుంది. ఈ మాట బావతో అనలేదు. బేస్‌మెంట్ చలికాలంలో వెచ్చగా ఉంటుంది.

2008లో సీక్రెస్ట్‌తో కలిపి ఐదుగురు రియాలిటీ యాంకర్లు ఎమ్మీలు నడిపారు. మళ్లీ రేస్. 2009లో మళ్లీ రేస్. ఏడయ్యాయి. బావ ఐడల్ గెలవాలని కోరుకోవడం మానేశాడు. రేస్ ఓడితే చాలనే స్థితికి వచ్చాడు. నాకు ఒక కన్ను పోయినా ఫర్వాలేదు, పక్కింటివాడికి రెండూ పోవాలి స్వామీ అన్నవాడి వరసలోకి. ఆ కోరిక దేవుడు విన్నాడు. 2010 ఆగస్టు 29న కవరులోంచి ‘టాప్ షెఫ్’ వచ్చింది. వంటల పోటీ. ఐడల్‌కి రాలేదు, అది కూడా ఓడినట్టే. ఆ ముక్క బావ బుర్రకి ఎక్కలేదు. వంటింట్లోకి వెళ్లి సేమ్యా పాయసం చేశాడు, పెళ్లయ్యాక మొట్టమొదటిసారి. అడుగంటింది. అక్క రెండు గ్లాసులు తాగి, ‘‘వంట చేసినవాళ్లే గెలిచారు కదా, రోజూ చెయ్యండి’’ అంది.

మరుసటేడు రేస్ మళ్లీ గెలిచింది. ఐడల్ పేరు ఆ జాబితాలో కనిపించడం 2011తో సరి. మొత్తం తొమ్మిదిసార్లు పిలిచి తొమ్మిదిసార్లూ వట్టి చేతులతో పంపారు. ఆ పైన 2013లో గెలిచిందెవరంటే ‘ది వాయిస్’. అది కూడా పాటల పోటీయే! కుర్చీలు వెనక్కి తిప్పుకుని కూర్చునే జడ్జీలు. ‘‘మొహాలు చూడకుండా కూర్చున్నవాళ్లకి ఇచ్చారు’’ అన్నాడు బావ. అంతకంటే ఏమీ అనలేదు. అది చాలా పెద్ద దుఃఖం.

తర్వాత బావకి పౌరసత్వం వచ్చింది. 2020లో కరోనా కదా, న్యూజెర్సీలో బ్యాలెట్ కాగితం పోస్టులో ఇంటికే పంపారు. బావ గుండ్రాలు నల్లగా దిద్ది, కవరులో పెట్టి, అంటించి, కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

‘‘ఒక్కటేనా?’’ అన్నాడు.

ఆ ఏడాదే రేస్ వాళ్లు హైదరాబాద్ వెళ్లిన సీజన్ వచ్చింది. అక్క వీడియో ఆపి ఆపి చూసింది. వెనక కనిపించే ప్రతి సందులోనూ మా చిన్నత్త ఇల్లుందేమోనని వెతికింది. హైదరాబాద్ చూపించాక ఇంక ఎవరిస్తారో చూద్దాం అని ఊరంతా చెప్పుకుంది. 2021 సెప్టెంబర్‌లో ఎమ్మీల జాబితాలో రేస్ ఉంది. నేను అప్పటికి టెక్సాస్‌లో ఉన్నా, పనిమీద ఎడిసన్ వచ్చి అదే సోఫాలో కూర్చున్నాను. కవరు చింపారు. ‘రూపాల్స్ డ్రాగ్ రేస్’. పేరు సగం వినేసరికి అక్క చప్పట్లు మొదలెట్టింది. మిగతా సగం విని ఆపింది.

‘‘అసలు ఈ ఓటేసేవాళ్లు ఎపిసోడ్లు చూస్తారా? హైదరాబాద్ చూశారా? ఎవరండీ వీళ్లు, ఎక్కడుంటారు?’’ అంది.

బావ జవాబు చెప్పలేదు. లేచి బేస్‌మెంట్‌లోకి వెళ్లాడు. అట్టపెట్టెలు జరుపుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. పైకొచ్చి, దుమ్ము లుంగీకి తుడిచి, మీట మీద అక్షరాలు అరిగిపోయిన కార్డ్‌లెస్ ఫోన్ అక్క ఒళ్లో పెట్టాడు.