నా పేరున రాసిన నష్టం

నేను హైదరాబాద్ సిటీ బస్సును. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన వంశం మాది. నేను రోడ్డెక్కింది 2010లో. అప్పటికి రాష్ట్రం ఒకటే. తర్వాత రాష్ట్రం విడిపోయింది, ఆర్టీసీ విడిపోయింది, నా దారి మాత్రం మారలేదు: సికింద్రాబాద్ నుంచి బాలానగర్, కూకట్‌పల్లి, మియాపూర్ మీదుగా పటాన్‌చెరు. 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగించకూడదన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది కాబట్టి నా సర్వీసు ఇక ముగుస్తోంది. పోయేముందు ఒక లెక్క సరిచేయాలని ఉంది. నా జీవితమంతా నా వెంట నడిచిన మాట ‘నష్టం’. శాసనసభలో అదే, పత్రికల్లో అదే, ఛార్జీలు పెంచినప్పుడూ సర్వీసులు తగ్గించినప్పుడూ చెప్పిన కారణం అదే. ఆ నష్టంలో పెద్ద భాగం నాది కాదని నేను గట్టిగా అంటున్నాను. రోడ్డు వాడుకున్న మిగతా వాహనాలు కట్టకుండా వదిలేసిన ఖరీదు అది. వాళ్ల దగ్గర వసూలు చేసే పద్దు లేకపోవడంతో నా పేరున రాశారు.

డిపోలో నన్ను కొలిచేది కిలోమీటర్లతో. కిలోమీటరుకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తిరిగాను, ఆక్యుపెన్సీ ఎంత. కానీ నా ఖర్చులో పెద్ద వాటా కిలోమీటర్లను బట్టి ఉండదు, గంటలను బట్టి ఉంటుంది. డ్రైవరు, కండక్టరు జీతాలు బండి కదిలినా కదలకపోయినా పడతాయి. నన్ను కొన్న అప్పుకు వడ్డీ కూడా అంతే. 25 కిలోమీటర్ల రూటు ఒకటి తీసుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగం దొరికితే ఒక సింగిల్‌కు, అంటే ఒకవైపు ట్రిప్పుకు, 75 నిమిషాలు పడుతుంది. ట్రాఫిక్‌లో వేగం 12కు పడిపోతే 125 నిమిషాలు. ఎనిమిది గంటల డ్యూటీలో ఆరు సింగిల్స్ తిరగాల్సిన బస్సు నాలుగు కూడా పూర్తి చేయలేదు. ఇదే లెక్కను స్టాపులో నిలబడ్డ ప్రయాణికుడి వైపు నుంచి చూడండి. ప్రతి పది నిమిషాలకూ ఒక బస్సు రావాలంటే మొదటి వేగంలో రూటుకు 15 బస్సులు సరిపోతాయి, రెండో వేగంలో 25 కావాలి. ప్రయాణికులు అంతే, టికెట్ల డబ్బు అంతే, దూరం అంతే. అదనంగా పది బస్సులు, వాటి మీద రెండు షిఫ్టుల సిబ్బంది. ఆ పది బస్సుల ఖర్చు ఆర్టీసీ పద్దులో చేరుతుంది. దానికి కారణమైన రద్దీ మాత్రం ఏ పద్దులోనూ కనిపించదు.

ఒకరి పని వల్ల మూడోవాళ్ల మీద పడే ఖర్చును పన్నుగా ఆ పని చేసినవాళ్ల దగ్గరే రాబట్టాలని ఆర్థర్ పిగూ 1920లోనే వాదించాడు. విలియం విక్రీ ఆ ఆలోచనను నగరం రోడ్ల మీదికి తెచ్చాడు. రద్దీ వేళ రోడ్డెక్కే ప్రతి వాహనం తన సమయంతో పాటు వెనకున్న అందరి సమయాన్నీ ఖర్చు చేస్తుందని, ఆ రెండోదానికి ధర ఉండాలని పట్టుబట్టాడు. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది. ఆయన మాటను నా కొలతల్లో చెబుతాను. నా పొడవు సుమారు 12 మీటర్లు, వెడల్పు రెండున్నర. రోడ్డు మీద 30 చదరపు మీటర్లు ఆక్రమిస్తాను. సాయంత్రం ఆఫీసులు వదిలేవేళ నాలో 60 మంది ఉంటారు కాబట్టి ఒక్కొక్కరి వాటా అర చదరపు మీటరు. మామూలు కారు ఏడు చదరపు మీటర్లు తీసుకుంటుంది. అందులో ఉండేది ఒకరో ఇద్దరో. బైకు మీద ఒంటరిగా వెళ్లే మనిషికి ఒకటిన్నర చదరపు మీటర్లు. అంటే నాలో నిలబడ్డ మనిషికంటే కారులోని మనిషి ఏడు రెట్లకు తక్కువ కాకుండా, ఒక్కడే ఉంటే పద్నాలుగు రెట్లు, నగరపు నేలను వాడుకుంటున్నాడు. ఇద్దరూ ఆ నేలకు కట్టే అద్దె మాత్రం ఒక్కటే, సున్నా.

పొగ మాటకు వస్తాను. నా పొగ నల్లగా కనిపిస్తుంది, కాబట్టి నిందకు ముందుగా దొరుకుతాను. ఇందులో నిజం ఉంది. బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్‌లో వచ్చాయి, నా ఇంజన్ అంతకు చాలా ముందుది. నా నుంచి వెలువడే మసి ఊపిరితిత్తులకు చేటే, దాన్ని సమర్థించను. అయితే ఇంధనం లెక్క కూడా చూడాలి. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, లీటరు పెట్రోలుకు 2.3. లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు తిరిగే నేను కిలోమీటరుకు 600 గ్రాములు వదులుతాను. 50 మంది ఉంటే తలకు 12 గ్రాములు. లీటరుకు 15 ఇచ్చే కారు 150 గ్రాములు వదులుతుంది, సగటున ఒకటిన్నర మనిషి ఉన్నాడనుకుంటే తలకు 100. బైకుకు 50. దీన్ని తిప్పి చదివితే నాకు వ్యతిరేకంగా కూడా నిలుస్తుంది: నాలో 12 మంది కంటే తక్కువ ఉన్నప్పుడు బైకే మేలు, ఆరుగురి కంటే తక్కువైతే కారే మేలు. అందుకే ఖాళీ బస్సులు తిప్పమని నేను అడగడం లేదు. జనం ఎక్కేంత నమ్మకంగా తిప్పమంటున్నాను.

రోడ్డును పాడుచేసేది బస్సులే అన్న ఆరోపణ ఇంకోటుంది. దీన్ని కొట్టిపారేయలేను. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన పెద్ద రోడ్డు పరీక్ష నుంచి ఇంజినీర్లు ఒక సూత్రం తేల్చారు: ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు నష్టం ఆ బరువు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. నా వెనక ఇరుసు మీద పది టన్నుల దాకా పడుతుంది, చిన్న కారు ఇరుసు మీద టన్నులో మూడింట రెండు వంతులు. తేడా 15 రెట్లయితే నష్టం సుమారు 50 వేల రెట్లు. నా తలకు ఈ ఖర్చు కట్టండి, ఒప్పుకుంటాను. ఇరుసు బరువును బట్టి నా దగ్గర వసూలు చేయడం న్యాయమైతే, ఆక్రమించిన చోటును బట్టీ, వేళను బట్టీ కారు దగ్గర వసూలు చేయడం కూడా అదే న్యాయం. పైగా తారు ఖర్చును బస్సులు తిరిగే వరుసలో కాంక్రీటు వేసి తగ్గించుకోవచ్చు. కూకట్‌పల్లిలో వేలమంది పోగొట్టుకునే గంటను ఏ కాంక్రీటూ తిరిగి ఇవ్వదు.

‘మేం పెట్రోలు మీద పన్ను కడుతున్నాం, బండి కొన్నప్పుడు లైఫ్ ట్యాక్స్ కట్టాం’ అని వాహనదారులంటారు. కడుతున్నారు, నిజమే. కానీ లైఫ్ ట్యాక్స్ ఒకసారి కట్టాక ఆ బండి రోజుకు ఐదు కిలోమీటర్లు తిరిగినా యాభై తిరిగినా ఒకటే. పెట్రోలు పన్నుకు చోటూ వేళా తెలియవు. అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద కాల్చిన లీటరుకూ, సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో కాల్చిన లీటరుకూ పన్ను ఒక్కటే. మొదటి ప్రయాణం ఎవరికీ అడ్డు కాదు, రెండోది వందలమందిని ఆపుతుంది. కారు విద్యుత్తుకు మారితే ఆ కాస్త పెట్రోలు పన్ను కూడా పోతుంది, ఆక్రమించే ఏడు చదరపు మీటర్లు మాత్రం ఏడుగానే ఉంటాయి.

నా జీవితకాలంలో ఈ సమస్యకు దొరికిన జవాబు ఎక్కువగా ఫ్లైఓవరే. దుర్గం చెరువు వంతెన 2020లో, బాలానగర్‌ది 2021లో, కొత్తగూడది 2023లో వచ్చాయి. ఒక జంక్షన్‌లో చిక్కు విప్పడానికి అవి పనికొస్తాయి, కాదనను. కానీ అవి ఎవరికి పనికొస్తున్నాయో చూడండి. నా స్టాపులు కింద ఉంటాయి. పైనుంచి వెళ్తే నా ప్రయాణికులు ఎక్కలేరు, దిగలేరు. మధ్యలో ఎక్కడా ఆగనవసరం లేని సొంత వాహనానికే పూర్తి లాభం. ఆ లాభం కూడా నిలిచేది కాదు. వెడల్పు చేసిన రోడ్డు రద్దీ వేళ మళ్లీ నిండేదాకా కొత్త వాహనాలు చేరుతూనే ఉంటాయని ఆంథనీ డౌన్స్ 1962లో రాశాడు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను కొన్నిచోట్ల 26 వరుసల దాకా విస్తరించి 2008లో పూర్తి చేశారు. కొన్నేళ్లకే ప్రయాణ సమయాలు మళ్లీ పెరిగాయి. ఫ్లైఓవర్‌కు పెట్టిన కోట్లను ఎవరూ నష్టమనరు, పెట్టుబడి అంటారు. నా డీజిల్ ఖర్చుకు మాత్రం నష్టమన్న పేరు.

బస్సుకు ప్రజల సొమ్ము ఎందుకివ్వాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన అందమైన జవాబు హెర్బర్ట్ మోరింగ్ 1972లో ఇచ్చాడు. ప్రయాణికులు పెరిగితే బస్సులు పెంచుతాం, బస్సులు పెరిగితే ఎదురుచూపు తగ్గుతుంది, పాత ప్రయాణికులకు కూడా. కారు విషయంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఒకరు చేరితే మిగతావాళ్లకు ఆలస్యం. చేరేకొద్దీ అందరికీ మేలయ్యే దాన్ని టికెట్ డబ్బుతోనే బతకమంటే అది చిక్కిపోతుంది. మేము చిక్కిపోవడం నేను చూశాను. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిశాక నగరంలో వందల బస్సులు రోడ్డు మీద నుంచి వెళ్లిపోయాయి. బస్సు తగ్గితే ఎదురుచూపు పెరిగింది, విసిగినవాళ్లు వాయిదాల మీద బైకు కొన్నారు, ఆ బైకులు నా ముందే చేరాయి. నా వేగం ఇంకా తగ్గింది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చాక ఫుట్‌బోర్డు దాకా నిండిపోయాను. అది భారమన్నవాళ్లున్నారు. నాకు అది ఇన్నాళ్లూ ఛార్జీకి భయపడి ఆగిపోయిన ప్రయాణాల లెక్కగా కనిపించింది. పనికి, చదువుకు, ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లు ఇంతమంది ఈ నగరంలో ఉన్నారని ఏ ఫ్లైఓవర్ నివేదికా చెప్పలేదు. అయితే టికెట్ ధర తీసేస్తే సరిపోదు. ఉచితమైన బస్సు రాకపోతే, దాని కోసం ఎదురుచూసే మనిషికి గంట కూలి పోతుంది. పథకానికిచ్చే డబ్బు కొత్త బస్సులకిచ్చే డబ్బును మింగేయకూడదు.

వాహనాలను కాదు, మనుషులను కదిలించాలని జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే రాసింది. అందుకు మొదటి పని బస్సుకు ప్రత్యేక వరుస, బీఆర్‌టీఎస్ అనేది దాన్నే. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన జన్‌మార్గ్ బస్సు వరుస నిలిచింది. ఢిల్లీలో అంబేడ్కర్ నగర్, మూల్‌చంద్ మధ్య 2008లో మొదలైన కారిడార్‌పై కారు యజమానుల అభ్యంతరాలు కోర్టుకెక్కాయి. 2012లో హైకోర్టు బస్సు పక్షానే నిలిచింది. అయినా 2016లో దాన్ని తొలగించారు. విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డన్న పేరు మిగిలింది, బస్సు వరుస మిగల్లేదు. డిజైన్ లోపాలున్నాయని చెబుతారు. ఢిల్లీలో స్టాపులు రోడ్డు మధ్యలో పెట్టడం వల్ల దాటడం కష్టమైన మాట వాస్తవమే. దానికి మందు స్టాపు సరిచేయడం. వరుసనే తీసేయడం వల్ల బాగుపడింది బస్సులో ఉన్నవాళ్లు కాదు.

వరుస తర్వాత ధర. రోడ్డుకు ధర పెడితే పేదవాడు నలిగిపోతాడన్నది అన్నిటికంటే బరువైన అభ్యంతరం, దాన్ని తేలిగ్గా తీసుకోను. బైకు మీద సామాను వేసుకుని బతికేవాడు ఈ నగరంలో ఎక్కడ చూసినా ఉన్నాడు. కానీ ధర ఆక్రమించే చోటును బట్టి ఉంటే అతని వంతు కారు వంతులో సుమారు ఐదో భాగమే. మొదట్లో అతన్ని పూర్తిగా వదిలేసినా నాకు సమ్మతమే. అతనికంటే పేదవాళ్లు నాలో ఉన్నారు, ఫుట్‌పాత్ లేని రోడ్డు పక్కన నడుస్తున్నారు. ఇప్పటి ఏర్పాటులో అందరి ఆలస్యాన్నీ ముందుగా మోసేది వాళ్లే. సింగపూర్ 1975లో నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టింది. స్టాక్‌హోమ్ 2006లో ఏడు నెలలు ప్రయోగం చేసింది. మొదలుకాకముందు జనంలో ఎక్కువమంది వ్యతిరేకించారు. ట్రాఫిక్ సుమారు ఐదో వంతు తగ్గడం చూశాక అదే నగరం ప్రజాభిప్రాయ సేకరణలో ఒప్పుకుంది, 2007 నుంచి శాశ్వతమైంది. నేను మరీ మరీ గుర్తుచేసేది ఇదీ: అక్కడ రుసుముకు నెలల ముందే, 2005 ఆగస్టులో, అదనపు బస్సులు దింపారు. లండన్‌లో 2003లో రుసుము పెట్టకముందే ఆ డబ్బును రవాణాకే వాడాలని చట్టం చేశారు. ముందు బస్సు, తర్వాత ధర, వచ్చిన డబ్బు మళ్లీ బస్సుకు. ఈ క్రమం తప్పితే పేదవాడి గురించిన భయం నిజమవుతుంది. హైదరాబాద్‌లో రేపే రుసుము వసూలుకు కెమెరాల తోరణాలు కట్టమని నేననను, పార్కింగ్‌తో మొదలుపెట్టొచ్చు. 2018లో ఇక్కడ మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం చేస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. వినియోగదారుడి మీద దయతోనే ఆ పని చేశారని నమ్ముతాను. కానీ ఆ దయ కారులో వచ్చినవాడికే అందింది, అదే మాల్‌కు నాలో వచ్చినవాడికి ఏమీ అందలేదు.

నా స్థానంలోకి విద్యుత్ బస్సులు వస్తున్నాయి. కేంద్ర పథకం పీఎం ఇ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 కేటాయించారు. వాటికి పొగ గొట్టం ఉండదు, నాకు అది నిజంగా సంతోషం. కానీ అవి నడిచే ఒప్పందాల్లో ఆపరేటరుకు కిలోమీటరు చొప్పున చెల్లిస్తారు, ఇన్ని కిలోమీటర్లకు తగ్గకుండా ఇస్తామని హామీ ఉంటుంది. ట్రాఫిక్‌లో నిలబడి ఆ కిలోమీటర్లు తిరగలేకపోతే డబ్బు ప్రజల సొమ్ములోంచే పోతుంది, మళ్లీ బస్సు నష్టమనే రాస్తారు. అవి రాకముందే బాలానగర్ నుంచి మియాపూర్ దాకా రెండు వైపులా ఒక్కో వరుసను రద్దీ వేళల్లో బస్సుకు వదలండి. వేగం తిరిగొచ్చాక ఈ రూటులో మిగిలే బస్సులను బాచుపల్లి వైపో అమీన్‌పూర్ వైపో తిప్పొచ్చు. పది నిమిషాలకో బస్సు వీధి చివరికి వస్తే, అక్కడ రెండో బండికి అప్పు చేయబోతున్న ఇంటివాళ్లు ఇంకో ఏడాది ఆగి చూస్తారు.