పుంజును గీస్తే ఊరంతా పండితులే

బొమ్మలు నేర్చుకునేవాళ్లు పులితో మొదలుపెట్టడం క్షేమం. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో పులి తిరుగుతోందని అప్పుడప్పుడు మా ములుగులో కబురు పుడుతుంది గానీ, దాని మీసాలు లెక్కపెట్టి వచ్చినవాడు లేడు. ఎన్ని గీసినా చెల్లుతాయి. నాటుకోడి పుంజు అట్లా కాదు.

చైనా తత్త్వవేత్త హాన్ ఫే ఈ సంగతి రెండు వేల రెండు వందల ఏళ్ల కిందే రాసిపెట్టాడు. కుక్కలను, గుర్రాలను గీయడం కష్టమట, అవి రోజూ అందరి కళ్లముందు తిరిగేవి కాబట్టి. దయ్యాలైతే తేలికట. దీనికోసం చైనా దాకా ఎందుకు, పాలంపేట చాలు. 1213 నాటి రామప్ప గుడి చూరు కింద గజకేసరులున్నాయి. ఇన్ని వందల ఏళ్లలో తొండం పొట్టిగుందని ఒక్కరూ అనలేదు. 2021లో వారసత్వ హోదా ఇచ్చిన యునెస్కో కూడా అనలేదు. ఎట్లా అంటారు? అసలుది ఎవరింట్లో ఉంది గనక!

రిటైరయ్యాక నేను మాత్రం క్రేయాన్ల డబ్బా కొనుక్కుని అరుగు మీద పుంజుకెదురుగా కూర్చున్నాను. పుంజు నడకే ఒక తిరకాసు. తలను గాలిలో ఒక్కచోట నిలిపి ఒళ్లు ముందుకు జరుపుతుంది, ఆ వెంటనే తలను ఠక్కున ముందుకు విసురుతుంది. మనం మెడ గీసేలోపు మెడ అక్కడుండదు. నూకలు చల్లితే ఆగుతుంది గానీ, అప్పుడు ముక్కు నేలకు, తోక నా మొహానికి.

ఇక రంగులు. డబ్బాలో ఎరుపు ఒక్కటే. కుక్కుట శాస్త్రమేమో డేగ, కాకి, నెమలి, పర్ల, సవల, అబ్రాసు అంటూ పుంజుల రంగులకు పెద్ద పట్టికే ఇస్తుంది. తోక ఈక నీడలో నలుపు, ఎండ తగిలితే నిగనిగలాడే ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ రంగే కాదట, ఈక పొరల్లో వెలుతురు చేసే గారడీ. గారడీ ఏ షాపులో అమ్ముతారు?

పరీక్షకులకు కొదవలేదు. జాతర వచ్చినప్పుడల్లా మేడారం మొక్కుకు పుంజును ఏరి పట్టుకుపోయే పక్కింటి అవ్వ, "ఎనక ఏలేది కొడుకా? ముంగట మూడు పెడితే అయిపాయెనా? గిది నిలబడ్తదా?" అంది. చికెన్ సెంటర్ తమ్ముడు కాగితం ఎగాదిగా చూసి, "కిలోన్నర గూడ తూగది సార్" అన్నాడు. మనవరాలు ఇంకా సూటిగా అడిగింది: "తాతా, గిది పుంజా, పెట్టనా?"

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్‌కి ఈ బాధ ముందే తెలిసినట్టుంది. కాగితం మీద నీలంగీత లాగి, ఎర్రరంగు పూసిన కాళ్లతో కోడిని దాని మీద పరుగెత్తించి, ఏట్లో తేలే ఎర్రాకులివి అన్నాడని కథ. కోడిని గీయలేదు, కోడితోనే గీయించాడు. గడుసువాడు.

నాకూ ఒక ఉపాయం తట్టింది. పుంజును గంప కింద కమ్మేశాను, బొమ్మలోనే. గంప గీసి, లోపల అసలు సిసలు డేగ ఉందన్నాను. వేలు లేదు, తూకం లేదు, పుంజా పెట్టా అన్న పేచీ లేదు. అవ్వ కూడా నోరు మెదపలేదు.

అంతలో వెదురు గంపలమ్మే పెద్దాయన సైకిల్ దిగి, కాగితం మీదికి వంగాడు.

"గిట్లల్లితే కోడి బయటికొస్తది సారూ."