రంపానికి మరణ ధ్రువపత్రం

టేబుల్ సా అంటే ఒక ఇనప బల్ల, దాని నడుమ చీలికలోంచి తల బయటపెట్టి తిరిగే రంపపు చక్రం, వాటికింద ఒక మోటారు. అమెరికాలో ఇంటి షెడ్లలో వడ్రంగం చేసుకునేవాళ్ళ దగ్గర ఎక్కువగా ఉండేది పది అంగుళాల చక్రం ఉన్న రకం. పాతవాటిలో బల్ల పోత ఇనుము. బేరింగులు, బెల్టు, స్విచ్చి లాంటివి తప్ప అరిగిపోయే సరుకు అందులో పెద్దగా లేదు. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ మైనం రాస్తే తాత కొన్న రంపం మీద మనవడు మంచం చేసుకోవచ్చు. అమ్ముకునేవాడి లెక్కలో ఇంతకంటే ఘోరమైన లోపం ఇంకొకటి ఉండదు. ఆ లోపాన్ని సరిదిద్దడానికి పరిశ్రమ కనిపెట్టిన ఉపాయం, యంత్రం చావకపోయినా చచ్చిందని ప్రకటించడం. విడిభాగాల వ్యాపారంలో ఆ ప్రకటన మూడే అక్షరాలు: ఎన్.ఎల్.ఏ. ఇక లభించదు అని అర్థం.

ప్రకటన ఒక్కరోజులో వెలువడదు, దానికో క్రమం ఉంది. మొదట భాగం నంబరు మారుతుంది. పాత నంబరు అడిగితే కొత్త నంబరు చెబుతారు, కొన్నాళ్ళకు ఆ కొత్త నంబరూ పాతదైపోతుంది. నంబరుతోపాటు ధర మారుతుంది, మారనిది భాగం ఒక్కటే. రెండో దశలో సరుకు నిండుకుంటుంది గానీ ఆర్డరు మాత్రం తీసుకుంటారు. కొనేవాడి ఓర్పును, అమ్మేవాడి మర్యాదను ఏకకాలంలో పరీక్షించే దశ ఇది. మూడోది అసలు మంత్రం. అది పడ్డాక కొనేవాడికి ఒక సలహా మాత్రం ఉచితంగా దక్కుతుంది: కొత్తది కొనుక్కోండి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క దొరకనందుకు ఇద్దరు మనుషులు కలిసి ఎత్తలేని ఇనుమును పాత సామాన్లవాడి తక్కెట్లో వేయాలన్నమాట. ఈ సలహా ఇచ్చే విభాగానికి చాలా కంపెనీల్లో కస్టమర్ సపోర్ట్ అని బోర్డు ఉంటుంది.

ఇంతకీ భాగం ఎవరిని అడగాలన్నదే మొదటి చిక్కు. క్రాఫ్ట్స్‌మన్ పేరుతో సియర్స్ దుకాణాలు దశాబ్దాలపాటు టేబుల్ సాలు అమ్మాయి. సియర్స్ వాటిని తయారు చేయలేదు, ఇతరుల చేత చేయించింది. మోడల్ నంబరు 113తో మొదలైతే అది ఎమర్సన్ ఎలక్ట్రిక్ చేసినది. 103 అయితే కింగ్-సీలీది. కొన్నవాడికి రేకు మీద కనిపించేది మాత్రం క్రాఫ్ట్స్‌మన్ అన్న పేరే. 2017లో సియర్స్ ఆ పేరును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు అమ్మేసింది, 2018 అక్టోబరులో తానే దివాలా కోర్టుకెక్కింది. దాంతో పేరు ఒకరిదైంది, చేసిన చేయి మరొకరిది, బిల్లిచ్చిన కొట్టు మూతపడే దారిలో పడింది. ఇదే క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్లకు జీవితకాలపు హామీ ఇచ్చి దేశమంతా పేరు తెచ్చుకుంది. విరిగిన స్పానరు పట్టుకెళితే కొత్తది చేతిలో పెట్టేవారు. అదే పేరున్న కరెంటు పనిముట్లకు హామీ మామూలుగా ఒక్క ఏడాది. చిన్న స్పానరుకు చిరాయువు, ఇంటెడు రంపానికి బాలారిష్టం!

డెల్టా వంశం కథ ఇంకా రమ్యంగా ఉంటుంది. హెర్బర్ట్ టౌట్జ్ 1919లో మిల్వాకీలో పెట్టిన కంపెనీ అది. 1939లో వచ్చిన దాని యూనిసా, బల్లను వంచకుండా కింద చక్రాన్నే వంచి ఏటవాలు కోత కోసే రంపంగా పేరుపడింది. కంపెనీ మాత్రం 1945లో రాక్‌వెల్ చేతికి, 1981లో పెంటేర్‌కు, 2004లో బ్లాక్ అండ్ డెకర్‌కు పోయింది. 2010లో బ్లాక్ అండ్ డెకర్ స్టాన్లీతో కలిసింది, 2011లో డెల్టాను తైవాన్‌కు చెందిన చాంగ్ టైప్ కొనుక్కుంది. దత్తత వెళ్ళిన బిడ్డకు గోత్రం మారినట్టు, చేతులు మారిన ప్రతిసారీ యంత్రానికి పత్రాల మీద కొత్త తండ్రి వస్తాడు. ఆస్తిలో పేరు, ముద్ర, ఖాతాదారుల జాబితా భద్రంగా సంక్రమిస్తాయి. పాత రంపాల పోషణ భారం మాత్రం ఏ దత్తపత్రంలోనూ కనిపించదు. బిడ్డను పెంచుకున్నవాడు బిడ్డ ముసలి నాయనమ్మతో తనకు సంబంధం లేదంటాడు.

ఇక చచ్చిపోయిందన్న రంపాన్ని విప్పి చూస్తే దొరకనిదేమిటో తేలుతుంది. బేరింగు వెలుపలి అంచు మీద 6203 అని ఉంటే లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 40, మందం 12. ఈ కొలతలు ప్రపంచమంతా ఒకటే. అదే నంబరు చెబితే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొట్టువాడు ఏ యంత్రానికని కూడా అడగకుండా డబ్బా తీసి ముందు పెడతాడు. అమెరికాలో మాత్రం అదే బేరింగు రంపం కంపెనీ సంచిలో, రంపం కంపెనీ నంబరుతో ఉన్నప్పుడు లభించదు. సంచీ విప్పితే లభిస్తుంది. వి-బెల్టుకు వెడల్పు, పొడవు తెలిస్తే చాలు. మోటారు కెపాసిటరుకు మైక్రోఫారడ్లు, వోల్టులు చూసుకుంటే సరి. పసుపు ప్లాస్టిక్ తాళం ఉన్న స్విచ్చి పోతే, మోటారు తీసుకునే కరెంటుకు తట్టుకునే స్విచ్చి ఏదైనా పనిచేస్తుంది. చక్రం చుట్టూ బల్ల చీలికను కప్పే పలక కూడా ఎన్.ఎల్.ఏ. జాబితాల్లో ఎక్కుతుంది. ఆ పలకను ప్లైవుడ్ ముక్కతో రంపం మీదే కోసుకుని, పైకి లేస్తున్న చక్రంతోనే చీలిక వేయించుకుంటే, చెక్క అంచు పెచ్చులు లేవకుండా కోత కంపెనీ పలక ఉన్నప్పటికంటే శుభ్రంగా వస్తుంది. తన విడిభాగాన్ని తానే కోసుకోగల యంత్రానికి విడిభాగం లేదని చెప్పడానికి గుండె నిబ్బరం కావాలి.

అన్నీ ఇంత తేలిక కావు. చక్రాన్ని మోసే ఇరుసు మర అరిగినా, చక్రాన్ని ఎత్తే, వంచే పోత ముక్కలు విరిగినా లేత్ పనివాడి దగ్గరకు పోవాల్సిందే. విజయవాడ ఆటోనగర్‌లోనైతే విరిగిన ముక్కను చూసి కొలత తీసి కొత్తది చేసి ఇవ్వడం రోజువారీ పని. అమెరికాలో ఆ పనివాడి గంట కూలి కొత్త చిన్న రంపం ధరతో పోటీపడుతుంది. అందుకే అక్కడ ఇంకో వ్యాపారం మొలిచింది. నడుస్తున్న పాత రంపాన్ని కొని, ముక్కలుగా విప్పి, ముక్కకింత అని అమ్మడం. ముక్కల మొత్తం రంపం ధర కంటే ఎక్కువ పలుకుతుంది కాబట్టి, ఒక రంపాన్ని బతికించడానికి బతికున్న మరో రంపాన్ని కోయడం లాభసాటి అయింది. కొరత లేని చోట ఈ కసాయి కొట్టుకు గిరాకీ ఉండేది కాదు.

తమాషా చేయకూడని భాగం ఒకటుంది: చక్రం మీది కాపుగడ (గార్డు), దానివెనక చెక్క నొక్కుకోకుండా చూసే పలచని రేకు. నిమిషానికి నాలుగు వేలసార్లు తిరిగే పది అంగుళాల చక్రం అంచు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. చేతులు మారిన పాత రంపాల్లో చాలావాటికి ఈ కాపుగడ ఉండదు. అడిగితే, సహజంగానే, లభించదు. ఇక్కడ 2000 సంవత్సరంలో జరిగినది గుర్తుచేయాలి. టేబుల్ సాకు దాయాది అయిన రేడియల్ ఆర్మ్ సాలో చక్రం పైనుంచి వేలాడుతుంది. 1958 నుంచి 1992 వరకు అమ్మిన క్రాఫ్ట్స్‌మన్ రేడియల్ ఆర్మ్ సాలకు, సుమారు 37 లక్షల యంత్రాలకు, కాపుగడ చాలదని అమెరికా వినియోగ వస్తు భద్రతా సంఘంతో కలిసి ఎమర్సన్ ప్రకటించింది. సరిపోయే మోడళ్ళకు కొత్త కాపుగడ ఉచితంగా పంపింది, సరిపోనివాటికి మోటారు భాగం విప్పి పంపితే 100 డాలర్లిచ్చింది. అంటే దశాబ్దాల నాటి రంపానికి కొత్త భాగం గీయవచ్చు, చేయవచ్చు, పెట్టెలో పెట్టి ఇంటికి పంపవచ్చు. అచ్చులు పోయాయి, గిరాకీ లేదు, గోదాములో చోటు లేదు అన్న నిత్యపారాయణం ప్రభుత్వం తలుపు తట్టిన రోజున ఎవరికీ గుర్తురాలేదు.

చట్టాలు ఈ దిక్కుకు ఇంకా రాలేదు. ఐరోపా సమాఖ్యలో 2021 నుంచి వాషింగ్ మెషీన్ల వంటి వాటికి ఏళ్ళ తరబడి భాగాలు అందుబాటులో ఉంచాలి. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి 100 డాలర్లు, ఆపై విలువున్న ఎలక్ట్రానిక్స్‌కు, గృహోపకరణాలకు ఏడేళ్ళ నియమం ఉంది. భారత ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు కోసం ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు. వడ్రంగి రంపం ఏ పేరుతోనూ అందులో కనిపించదు.

ఇప్పటి రంపాలు ఇంకో మెట్టు ఎక్కాయి. వేలు తగిలితే క్షణంలో చక్రాన్ని ఆపే సాస్టాప్ రంపంలో అల్యూమినియం దిమ్మ ఉన్న ఒక కార్ట్రిడ్జ్ ఉంటుంది. ఒక్కసారి పనిచేస్తే దాని పని సరి, కొత్తది వేయాలి. వేళ్ళు కాపాడే యంత్రాన్ని వెక్కిరించడం పాపం. అయితే ఆ కార్ట్రిడ్జ్ లేకుండా మోటారు అసలు తిరగదు. బేరింగు లాగా దానికి రాణిగంజ్ నంబరు లేదు.

ఏ కంపెనీ అయినా నూరేళ్ళు భాగాలు అమ్మాలని ఎవరూ అడగడం లేదు. ఇక లభించదు అని రాసిన రోజునే ఆ భాగం డ్రాయింగు, కొలతలు, లోహం పేరు అందరికీ బయటపెట్టాలన్న ఒక్క నియమం చాలు. అమ్మడం ఇష్టం లేని వస్తువు కొలతలు దాచుకునే హక్కు అమ్మకందారుకు అక్కర్లేదు. మరమ్మతు హక్కు గురించి చట్టాలు రాస్తున్నవాళ్ళు ఆ వాక్యం చేర్చాలి.