కాన్ఫిగర్ గారి పెళ్లిచూపులు

పెళ్లిచూపుల్లో పెద్దమనుషుల ప్రశ్నలకైనా ఒక అంతుంటుంది గానీ, పాత ఓపెన్ సోర్స్ ప్యాకేజీల గుమ్మంలో కూర్చునే ‘కాన్ఫిగర్’ స్క్రిప్టు ప్రశ్నలకు ఉండదు. సీ కంపైలర్ ఉందా? ఉంటే పనిచేస్తుందా? సరే, న్యాయమే. ప్రోగ్రామంతా సీలోనే ఉన్నా, లిబ్‌టూల్ 1.5 కాలం నాటి స్క్రిప్టయితే ఫోర్ట్రాన్ కోసం కూడా ఇల్లంతా గాలిస్తుంది. మా మైపాడులో ఫోర్ట్రాన్ ఎవరింట్లో ఉంటుంది సామీ! కావాలంటే శ్రీహరికోటలో వాకబు చెయ్యాలి. మధ్యలో బిల్డు పరిసరాలకు మతి స్థిమితంగా ఉందా అని కూడా అడిగి, ఉందని తనే రాసుకుంటుంది. అది ముఖ్యంగా చూసేది గడియారం వెనక్కి పోలేదు కదా అని. నా మతి సంగతి దానికి అక్కర్లేదు.

నేను బిల్డు చేయబోయింది సముద్రపు పోటుపాట్ల వేళలు లెక్కగట్టే ఒక పాత ప్రోగ్రాము. మా మామకు ఉప్పుటేటి పక్కన రొయ్యల గుంటలున్నాయి; పోటు మీదే నీళ్లు తోడాలి. ఇన్ని ప్రశ్నలూ అయ్యాక స్క్రిప్టు చేతులెత్తేసింది. నా యంత్రం ఏ జాతిదో పోల్చుకోలేదట. అందులోని ‘కాన్ఫిగ్.గెస్’ ఫైలు 64-బిట్ ఆర్మ్ చిప్పులు పుట్టకముందుది మరి. తనను చివరిసారి దిద్దిన తేదీ తనే చెప్పి, కొత్తది తెచ్చుకోమంటుంది. ఆ నిజాయితీ మెచ్చుకోవాలి. కొత్తది తెచ్చి పాతదాని మీద పెట్టాను. ఇదెంత మామూలు వ్యవహారమంటే, ఈ ఫైళ్ల తాజా ప్రతులు అందించడానికే డెబియన్‌లో ఆటోటూల్స్-డెవ్ అని ఒక ప్యాకేజీ ఉంది.

“ఏందిరా అబ్బయ్యా, సాఫ్టువేరు చేస్తా ఉండావా, సాఫ్టువేరు చేసేదాన్ని బాగు చేస్తా ఉండావా?” అన్నాడు మామ.

“రెండోదే మామా.”

దీనికి తోడు కావలసిన లైబ్రరీ సీమేక్‌తో బిల్డు చేసేది. 2025లో వచ్చిన సీమేక్ 4.0, 3.5 కన్నా పాత వెర్షన్లకు రాసుకున్న ప్రాజెక్టుల ముఖం చూడదు. అయితే ‘మాది 3.5 అనుకోండి’ అని ఒక ఫ్లాగుతో చెప్తే ఊరుకుంటుంది. ఆ ఫ్లాగేదో ఎర్రర్‌లోనే రాసి పెట్టింది. వయసు తగ్గించి చెప్పమని పెళ్లివారే చెవిలో ఊదడం ఇక్కడే చూశాను.

అసలు తప్పే దిద్దొచ్చు కదా అంటారా? ఈ లోకంలో అదంత తేలిక కాదు. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ రాస్తూ, ఆజ్ఞల ముందు ట్యాబే ఉండాలన్నాడు. మార్చుదామనుకునే సరికి ఓ డజను మంది వాడేస్తున్నారు, ఎక్కువమంది స్నేహితులే. మొహమాటపడి వదిలేశాడు. ఆ డజను మంది కోసం ప్రపంచమంతా నేటికీ కళ్లు చికిలించి ట్యాబునూ స్పేసునూ వేరుచేసుకుంటోంది. ఇక కాన్ఫిగర్‌ను పుట్టించే ఎమ్4 మాక్రోలంటారా, చదివేవాడేడీ? ఆ ధీమాతోనే 2024లో కంప్రెషన్ సాధనమైన ఎక్స్‌జెడ్‌లోకి దొంగదారి తెరిచే మెలికను ఒక ఎమ్4 ఫైల్లో దాచారు. పట్టుకున్నది దాన్ని చదివినవాళ్లు కాదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్.

మొత్తానికి బిల్డయింది. తెర మీద పోటు వేళ మెరిసింది. మామను కేకేశాను, బిన్నా రమ్మని.

ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. “ఆ పోటు వచ్చి పోయిందిలే అబ్బయ్యా. మోటారు ఆపేసే వస్తా ఉండా.”