హారం లేని అంకెలు

మా పిన్ని చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. విజయవాడలో ఒక బంగారం కొట్లో కూతురి పెళ్ళికి నెక్లెస్ బేరమాడుతుంటే పక్కనే ఉన్నాను. నలభై గ్రాములు, తరుగు పద్దెనిమిది శాతం అన్నాడు కౌంటర్లో కుర్రాడు, కాలిక్యులేటర్ మీద వేళ్ళు టకటకలాడిస్తూ. పిన్ని కళ్ళజోడు సర్దుకుని ఒకటే అడిగింది: “దేని మీద వేశావు నాయనా తరుగు? రాళ్ళ బరువు తీసేసి వేశావా, కలిపి వేశావా?”

కుర్రాడి వేళ్ళు ఆగిపోయాయి. రాళ్ళు ఆరు గ్రాములు. అవి తీసేసి వేస్తే 7.2 గ్రాముల తరుగు కాస్తా 6.12కి దిగింది. గ్రాము పైచిలుకు బంగారం పిన్ని నోటిమాటతో ఇంటికొచ్చింది. చిన్నప్పుడు బళ్ళో చెప్పారు గుర్తుందా, భిన్నంలో పైనున్నది లవం, కిందున్నది హారం అని? మెడలో వేసుకునే హారం కొనడానికి వెళ్ళి, లెక్కలో దాచిన హారాన్ని కూడా పట్టుకొచ్చిందావిడ.

మర్నాడు పొద్దున్నే పేపర్లో మొదటి పేజీ నిండా ఒక జూనియర్ కాలేజీ ప్రకటన. 1, 1, 1, 2, 2, 3, 4, 4... పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్లలా మెరిసిపోతున్నాయి ర్యాంకులు. ఆ కాలేజీ అన్ని బ్రాంచీల్లో కలిపి ఎన్ని వేల మంది పరీక్ష రాశారో ఎక్కడా లేదు. పిన్ని అడగలేదు. చిన్నవాడు పది పాసయ్యాడు, వారంలో లక్షన్నర ఫీజు కట్టేసింది. గ్రాము బంగారం కోసం కొట్టంతా వినపడేలా నిలదీసిన మనిషి, కన్నకొడుకు రెండేళ్ళ బతుకుని హారం లేని అంకె చేతిలో పెట్టి, రసీదు భద్రంగా బీరువాలో దాచుకుంది.

ఈ రంగుల ప్రకటనల బాధ పడలేకే, 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకరు ఫొటో వేస్తే ఆ పిల్లవాడు ఏ కోర్సు చదివాడో, ఎన్నాళ్ళు చదివాడో, డబ్బు కట్టి చదివాడో లేదో చెప్పాలంది. వారం రోజుల మాక్ ఇంటర్వ్యూకి వచ్చినవాణ్ణి కూడా “మా బిడ్డ” అని ఫ్లెక్సీ కట్టే ప్రేమ ఉన్న దేశంలో, ప్రేమకు కూడా రూలు పెట్టాల్సి వచ్చింది.

రెండేళ్ళయ్యాక ఇదే ఇంటికి జేఈఈ మెయిన్ ఫలితం వస్తుంది. 92 పర్సెంటైల్! వీధంతా మైసూర్‌పాక్. నూటికి తొంభై రెండు మార్కులొచ్చాయని మామయ్య అమెరికాకు ఫోన్ చేసి చెబుతాడు. 2024లో ఆ పరీక్ష రాసినవాళ్ళు పద్నాలుగు లక్షల పైచిలుకు. అందులో 92 పర్సెంటైల్ అంటే ఎనిమిది శాతం మంది, అంటే లక్షా పదివేల పైన, మనవాడికన్నా ముందున్నారని అర్థం. ఆ ఏడు దేశంలోని ఐఐటీలన్నింటిలో కలిపి సీట్లు పద్దెనిమిది వేల లోపు. మైసూర్‌పాక్ తినే నోటికి ఈ లెక్క చేదు. కాబట్టి ఎవరూ వెయ్యరు.

ఇంక సినిమా. విడుదలైన మూడో రోజుకే పోస్టర్ మీద వంద కోట్ల గ్రాస్. గ్రాసంటే జీఎస్టీ, థియేటర్ అద్దె అన్నీ కలిపిన మొత్తం. అవన్నీ పోగా మిగిలే షేరుని పోస్టర్ మీద వెతక్కండి. ఇక్కడ కొలిచేవాడూ వాడే, అమ్మేవాడూ వాడే, దండోరా వేసేవాడూ వాడే. సంతలో ఇలా ఎవడైనా సొంత తూకంరాళ్ళు తెచ్చుకుంటే తన్ని తరిమేసే మనం, హీరో విషయానికొచ్చేసరికి ఆ అంకె కోసం ఎదుటి హీరో అభిమాని తల పగలగొడతాం.

ఎన్నికల దగ్గర మన గణితం మరీ పండుతుంది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి 2019లో ఓడిన పెద్ద పార్టీకి 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో ఓడిన పెద్ద పార్టీకి కూడా 39 శాతం ఓట్లే, సీట్లు 11. రెండుసార్లూ గెలిచిన వర్గం అన్నమాట ఒకటే: “జనం తుడిచిపెట్టేశారు.” పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీని జనం ఎలా తుడిచారో ఎవరూ చెప్పరు. సీట్లు చూసి జబ్బలు చరుచుకునేవాడు శాతం చూడడు, ఓడినవాడు శాతం తప్ప మరేదీ చూడడు. ఐదేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ వాదనలు మార్చుకుంటారు, అచ్చం వియ్యంకులు వెండి పళ్ళాలు మార్చుకున్నట్టు.

అందరికీ తిట్టడానికి దొరికేది, పాపం, వాతావరణ కేంద్రం ఒక్కటే. “ఒకటి లేదా రెండు చోట్ల వర్షాలు కురిసే అవకాశం” అంటారు వాళ్ళు. వాళ్ళ లెక్కలో దానికి కొలత ఉంది: ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతానికి మించని చోట్ల వాన. అంటే నూటికి కనీసం డెబ్భై ఐదు చోట్ల పడదని చెప్పినట్టే. మన డాబా మీద ఒడియాలు ఎండిపోగానే “వీళ్ళు చెప్పిందెప్పుడు జరిగింది గనక” అంటాం. హారం చెప్పి మరీ మాట్లాడే ఒకే ఒక్క శాఖ, మనకు అబద్ధాలకోరు.

ప్యాకెట్ల సంగతీ ఇంతే. గ్రాముకెంత, మిల్లీలీటరుకెంత పడుతుందో ప్యాకెట్ మీద అచ్చు వెయ్యాలని నియమం వచ్చింది. హారాన్ని ప్రభుత్వమే పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. మనం “20 శాతం అదనం” అన్న పసుపుపచ్చ గీత చూసి బుట్టలో వేసుకుంటాం. అప్పూ అంతే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగని నిద్రలో లేపినా చెప్పే జాతి మనది. అదే జాతి టై కట్టుకున్నవాడు “పది శాతం ఫ్లాట్ సార్” అనగానే సంతకం పెడుతుంది. మూడేళ్ళ వాయిదాల్లో, అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మొదటి అసలు మీదే వేస్తే, అది దాదాపు పద్దెనిమిది శాతమని వాడు చెప్పడు. మనం అడగం.

పైగా ఇది గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు చదువుకున్న నేల. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, కలకత్తా వెళ్ళి, 1945లో ఒక వ్యాసం రాశాడాయన. నిష్పాక్షికమైన అంచనా ఎంత చక్కగా వేసినా, దాని తడబాటు ఫలానా హద్దుకన్నా తగ్గదని అందులో తేల్చాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ తర్వాత, 2023లో, అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది 102 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆయన తడబాటుకు హద్దు గీశాడు. మన టీవీలకు ఆ హద్దూ లేదు, తడబాటూ లేదు. 2024 జూన్ 1న చాలా ఎగ్జిట్ పోల్స్ లోక్‌సభలో ఎన్డీయేకి 350 సీట్లకు పైనే ఇచ్చాయి. నాలుగో తేదీన తేలింది 293. ఐదో తేదీన అవే గొంతులు, అదే ధీమాతో, ఇలా ఎందుకు జరిగిందో మనకు వివరించాయి. మనం విన్నాం.

ఇప్పుడు డేటా అక్షరాస్యత అని కొత్త మాట వచ్చింది. దానికి వర్క్‌షాపులు, సర్టిఫికెట్లు, మధ్యలో బఫే. మనకు లెక్క రాదని అవి నడిపేవాళ్ళ ఉద్దేశం. తరుగు లెక్క, చీటీ పాట లెక్క, కట్నాల లెక్క వచ్చినవాళ్ళకు ఏ లెక్క రాదు? బంగారం కొట్టువాడు పరాయివాడు గనక పిన్ని నిలదీసింది. కొడుకు ర్యాంకు, మన హీరో, మన పార్టీ, ఇవన్నీ ఇంటివాళ్ళవి. ఇంటివాళ్ళ అంకెను తూకం వెయ్యడం మర్యాద కాదని మన నమ్మకం. సరిగ్గా ఆ మర్యాదనే అమ్ముకుని బతుకుతున్నారు వీళ్ళంతా.

కాబట్టి సర్టిఫికెట్ ఏమీ అక్కర్లేదు. రేపు పొద్దున పేపర్లో ఒక లావుపాటి అంకె కనపడితే, అది మీకు ఎంత ముద్దొస్తే అంత గట్టిగా, మా పిన్ని మాటే అడగండి: “దేని మీద వేశావు నాయనా?” అవతలివాడి వేళ్ళు కాలిక్యులేటర్ మీద ఆగిపోయాయంటే, ఆ అంకెలో రాళ్ళున్నట్టే.