కాఫీపొడి బిల్లు: సటీకా తాత్పర్యము

మూలము
మొత్తము ₹ 1,25,000.00
రవాణా 4500.0
హెచ్‌ఎస్‌ఎన్ 901
పంపిన తేది 2025-04-05

అవతారిక. టోకు వర్తకుడొకడు ఈఆర్‌పీ నెక్స్ట్ అను వ్యాపార సాఫ్టువేరులో బిల్లు నమూనాను తానే దిద్దుకొని, మొదటి ప్రింటు తీసి తెల్లబోయిన సందర్భమిది.

టీ. మొత్తము = పాత నమూనానుండి దించుకొన్న పాదము, కనుకనే తల దువ్వుకొని వచ్చినది; రవాణా = వర్తకుడు సొంతముగా చేర్చిన ఫీల్డు; 4500.0 = నాలుగువేల ఐదువందలు, పైసలకు రెండు సున్నలుండవలసిన చోట ఒక్కటే గలది; హెచ్‌ఎస్‌ఎన్ = సరకు కోడు; 901 = 0901, అనగా కాఫీ కోడు; 2025-04-05 = ఏప్రిలు ఐదు, డేటాబేసు తన సౌకర్యమునకు పెట్టుకొన్న వరుసలో.

తా. ఇంట్లో బనియనుతో కూర్చున్న విలువలను పిలిచి, అట్లే వీధిలో నిలబెట్టినాడని భావము.

వి. ఇచ్చట కామాయే యతి. మన లెక్కలో కుడినుండి మూడంకెలకు మొదటి యతి, ఆపై రెండేసికి. రవాణా పాదమున యతి లేదు, రూపాయి గుర్తూ లేదు. ఛందోభంగము రెండు విధములు.

ఇందుకు, ‘ఆ గుర్తును, కామాను నమూనాలో చేతితో పెట్టిన సరి’ అని కొందరు. అది పొసగదు. రేపు డాలర్ల బిల్లు వేసినా ₹ కదలక కూర్చుండును. రవాణా పదివేలైనచో కామా దారి తప్పును. నమూనాలో డాక్‌ను, అనగా బిల్లు పత్రమును, నేరుగా ఫీల్డు అడిగినచో ముడి విలువ వచ్చును. గెట్ ఫార్మాటెడ్ అని అడిగినచో రకము, కరెన్సీ చూచుకొని ముస్తాబై వచ్చును; తేదియు నంతే. ఇక రవాణా, ప్యాకింగు వంటివి కలిపి నమూనాలోనే పుట్టించిన కూడికకు ఫీల్డన్నది లేదు గదా. దానికి ఫ్రాప్పే ఫార్మాట్‌తో ‘ఇది కరెన్సీ’ అని మనమే కులగోత్రములు చెప్పవలెను.

901 సంగతి వేరు. అది లెక్క కాదు, పేరు. దానిని అంకెల రకముగా పెట్టినందుననే ముందు సున్న లోపించినది. పై ముస్తాబులు దానిని తిరిగి తేలేవు. ఫీల్డును డేటా రకముగా పెట్టి, 0901 అని తిరిగి వ్రాయవలె. (ఫోను నెంబరుకు కామాలు పడిన బిల్లు ఒకటి నేను చూశాను. డయల్ చేయబుద్ధి కాలేదు.)

ఈ నమూనాల భాష పేరు జింజా. జపానులో జింజా యన గుడి. టెంపుల్, టెంప్లేట్ శబ్దసామ్యముచే వచ్చిన నామము. చొక్కా విప్పి రమ్మను గుళ్ళున్నవి గాని, ఇది ఆ కోవలోనిది కాదు.

పాఠాంతరము. రవాణా ₹ 4,500.00, హెచ్‌ఎస్‌ఎన్ 0901, పంపిన తేది 05-04-2025. ఇది రెండవ ప్రింటునందు గలదు. మొదటి ప్రతులు పావుకిలో పొట్లములు కట్టుటకు వినియోగమైనవి.