మాచర్ల రేవుకు ఓడ ఎప్పుడు?

గ్రీన్‌లాండ్ బేరం మళ్లీ మొదలైంది. 2019లో ట్రంప్ కొంటానంటే డెన్మార్క్ అమ్మేది లేదంది. ఇప్పుడు కొనడమా, గుంజుకోవడమా అన్నదే చర్చట. నరసరావుపేట పట్టణంలో సగం జనం కూడా లేని నేల అది. వాళ్లనెవరడుగుతారు? సంతలో గొడ్డు పళ్లు చూస్తారు గానీ, దాని ఇష్టం కనుక్కోరుగా!

గ్రీన్‌లాండ్ ఉన్న ఆర్కిటిక్ మీద చాలామంది కన్నుంది. అందులో నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం చైనా మాట. 2018లో శ్వేతపత్రం అచ్చేసి, తనది ఆర్కిటిక్ 'సమీప దేశం' అని చెప్పుకుంది. దాని ఉత్తరపు కొస నుంచి ఆర్కిటిక్ వలయానికి దాదాపు 1,400 కిలోమీటర్లు. మా మాచర్లకు సూర్యలంక బీచి 200 లోపే. అంటే మేం ఎప్పుడో తీరవాసులం! చెన్నకేశవస్వామి గుడి వీధిలో వలలు ఆరేసుకోవచ్చు. కారంపూడి నాగులేరులో నౌకాదళాన్ని దించాలి. పిడుగురాళ్ల సున్నం బట్టీల పక్కన లైటుహౌసు కట్టాలి. చేపలవేట నిషేధం రోజుల భృతి మాకూ ఇప్పించాలి. గురజాల వాళ్లు గొడవ చేస్తే వాళ్లనూ 'సమీప తీరవాసులు' అనేద్దాం, పోయేదేముంది. నవ్వుతున్నారా? శ్వేతపత్రం అచ్చేయిస్తే నవ్వరు.

రష్యా అయితే 2007లోనే ధ్రువం దగ్గర 4 కిలోమీటర్ల లోతున టైటానియం జెండా పాతొచ్చింది. చేపలు వందనం చేశాయో లేదో.

మనమూ తక్కువ తినలేదు. 2022లో ఆర్కిటిక్ విధానం ప్రకటించుకున్నాం, ఖనిజాల ఊసుతో సహా.

అసలు ఆర్కిటిక్ మంచు ఎందుకు కరుగుతోంది? బొగ్గూ చమురూ తగలబెట్టినందుకు. కరిగాక ఏం చేస్తారట? అడుగునున్న చమురు తోడి మళ్లీ తగలబెడతారట! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు నయం, వాడు ఇల్లు అంటించలేదు. వీళ్లు అంటించి మరీ చుట్ట వెలిగిస్తున్నారు. పైగా దానికి 'కొత్త అవకాశాలు' అని పేరు! మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో నిలబడి అనమనండి ఆ మాట. ఉపాధి పనికెళ్లి, గడ్డపార కాలి అరచేతులు బొబ్బలెక్కిన ఆడవాళ్ల ముందు అనమనండి. సిగ్గుండాలి.

మా పల్నాటి కోడిపందెమే మేలు. ఓడిన పక్షం, మాట ప్రకారం, బ్రహ్మనాయుడితో సహా ఏడేళ్లు వలసపోయింది. ఇక్కడ పందెం కాసేది ఒకళ్లు, ఊరొదిలేది కోడిని కూడా చూడనివాళ్లు.

సరే, రేవు కోసం అర్జీ రాస్తున్నా. లంగరు సాగర్ కుడికాలవలో వేయాలి, నీళ్లొదిలిన నెలల్లో.